నలభై ఏడో పలక మీద గుంటలు

పొద్దున ఎనిమిదింటికి గువాన్ షుజెన్ వేలు పెడితే, హాజరు యంత్రం ఎప్పటిలాగే "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అంది. పదిహేడేళ్ళుగా పాలిషింగ్ చక్రం మీద నమూనాలు ఒత్తిపట్టి ఒత్తిపట్టి ఆమె వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. చూపుడు వేలు, మధ్య వేలు, ఆఖరికి చిటికెన వేలు కూడా పెట్టి చూసింది. "రోజూ చూసే మొహమే కదే, ఇంత పరాయిదాన్నయిపోయానా" అని దాన్ని గొణుక్కుంటూ తిట్టి, పక్కనున్న పుస్తకంలో పేరు రాసి లోపలికి నడిచింది.

ముదాన్‌జియాంగ్‌లో ఆ వారమే గదుల్ని వెచ్చబెట్టే వేడినీటి గొట్టాలు ఆపేశారు. ఏప్రిల్ పదిహేనుకి ఆపేయాలని కాగితంలో ఉంది కాబట్టి ఆపేశారు, చలికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. గువాన్ కోటు విప్పకుండానే చక్రం ముందు కూర్చుని, నలభై ఏడో నంబరు పలక ముక్కని పట్టులో బిగించింది.

ఆ పలక ఇంజనీరు షెన్ గారిది. బోరాన్ కార్బైడ్ అంటే గట్టిదనంలో వజ్రం తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టే వస్తువుల్లో ఒకటి, కాని ఉత్త పెళుసు. ఉక్కుని గీస్తుంది, బల్ల మీంచి జారితే అన్నం గిన్నెలా పగులుతుంది. ఆ పెళుసుతనం తగ్గించడానికి షెన్ మూడేళ్ళుగా దాంట్లో రకరకాల పొడులు కలిపి, కొలిమి ఉన్న ప్రెస్‌లో వేడి మీద అదిమించి పలకలు చేయిస్తున్నాడు. నలభై ఆరు పలకలయ్యాయి. దేన్నుంచి కోసిన కమ్మీని వంచినా ముప్పై రెండు, ముప్పై మూడు కిలోల బరువు దగ్గర టప్పుమని విరిగేది. ఈసారి టైటానియం బోరైడ్ బాగా సన్నది తెప్పించి, పాతికపాళ్ళు కలిపాడు.

తొమ్మిది మైక్రాన్ల వజ్రపు పొడి ముద్ద, తర్వాత ఆరు, తర్వాత మూడు. గువాన్ ఒక్కో మెట్టుకీ గుడ్డ మార్చి, ముక్కని కడిగి, ఆరబెట్టి చూసుకుంటూ పోతుంది. పని బాగా సాగుతున్నప్పుడు చక్రం చప్పుడు ఒకే తీరుగా ఉంటుంది. ఆ రోజు మూడో మెట్టులో ఆ చప్పుడులో సన్నగా ఇసుక నలిగినట్టు ఇంకేదో వినిపించింది. ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నున్నగా అద్దంలా ఉండాల్సిన చోట నల్లటి గుంటలున్నాయి, మశూచి పోసిన మొహంలాగా.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ అవే గుంటలు, కాకపోతే వేరే చోట్ల.

అప్పుడే షెన్ వచ్చాడు. ముప్పై మూడేళ్ళ మనిషి, నిద్ర చాలని కళ్ళు, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. మైక్రోస్కోపులోకి ఒంగి చాలాసేపు లేవలేదు. లేచేసరికి మొహంలో రంగు లేదు.

"గాలి రంధ్రాలక్కా. పొడి సరిగా అణగలేదు. ప్రెస్ దగ్గర ఏదో చేశారు."

"నీళ్ళలో ముంచి తూచాం కదండీ. నూటికి తొంభై తొమ్మిదిన్నర వంతులు నిండుగానే ఉంది, లోపల ఖాళీ లేదని మీరే అన్నారు," అంది గువాన్.

"కొత్త కలయికకి ఆ లెక్క పక్కాగా రాదు. ఎదురుగా బొమ్మ కనిపిస్తుంటే లెక్కెందుకు? మూడేళ్ళక్కా. ఈ పొడి మీద ఎంత ఆశ పెట్టుకున్నానో మీకు తెలియదు."

తెలియకేం, ఆమెకి తెలుసు. షెన్ ఫొటో తీసుకుని, ప్రెస్ చిట్టా తెప్పించుకుని చూశాడు. అందులో అంకెలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత, ఒత్తిడి, పందొమ్మిది వందల యాభై డిగ్రీల దగ్గర సరిగ్గా గంట సేపు. కింద నడిపినవాడి పేరు, టోంగ్ వాన్‌ఫు.

ఆ చిట్టాల సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, తెలియనట్టుండడం కూడా అందరికీ తెలుసు. కొలిమి వెలిగించకముందే, టీ తాగుతూ, ప్రోగ్రాం కాగితం చూసి అంకెలన్నీ పెన్సిలుతో చిట్టాలోకి ఎత్తేస్తారు. తర్వాత ఆరేడు గంటలు కొలిమిని చూసుకోవచ్చు, కాగితాన్ని చూసుకోనక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా అదే ఆచారం.

మధ్యాహ్నానికల్లా భోజనాల హాలు గుమ్మం దగ్గర ఎర్ర ముద్రతో నోటీసు వేలాడింది. నలభై ఏడో పలకలో రంధ్రాలకు నడిపినవారి అజాగ్రత్త కారణమనీ, టోంగ్ వాన్‌ఫు శుక్రవారం సమావేశంలో ఆత్మవిమర్శ పత్రం చదవాలనీ, తదుపరి నిర్ణయం వరకు ప్రెస్ ముట్టుకోకూడదనీ, జల్లెడ షెడ్డులో పని చేయాలనీ అందులో ఉంది. కింద నాణ్యతా విభాగం నుంచి లువాన్ మేడమ్ సంతకం.

టోంగ్‌కి యాభై ఏడేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఒక్క ప్రెస్ మీదే చేశాడు. ఇంకో మూడేళ్ళకి రిటైరవుతాడు. జల్లెడ షెడ్డంటే పొద్దస్తమానం నల్లటి పొడి పీల్చుకుంటూ జల్లెడలు ఊపడం, అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి ప్రెస్ దగ్గరికి వచ్చింది గువాన్ ఎప్పుడూ చూడలేదు. ఆమె కాబేజీ పులుసు గిన్నె పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన నోటీసు వైపు వీపు పెట్టి, వెల్లుల్లి రేకలు కొరుక్కుంటూ తీరిగ్గా తింటున్నాడు.

"టోంగన్నా, చూశావా?"

"చూశా. నా పేరులో ఒక గీత తక్కువ రాశారు. ముప్పై ఏళ్ళు జీతం ఇచ్చారు, పేరు రాయడం రాలేదు."

"హాస్యం ఆపు. అవి రంధ్రాలు కావేమో అని నాకనిపిస్తోంది. నా చక్రం మీదే పడ్డాయి."

టోంగ్ తినడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు.

"నీ చక్రం మీద పదిహేడేళ్ళలో ఎన్నడన్నా పడ్డాయా?"

"లేదు."

"మరింకేం? మధ్యలో నువ్వెందుకమ్మా దూరతావు? నాకైతే మూడేళ్ళే. నీకు పిల్ల కాలేజీలో ఉంది."

గువాన్ పులుసు గిన్నె పక్కకి జరిపింది. గుంటలు తన పాలిష్ వల్ల పడ్డాయంటే ఆ నోటీసులో పేరు మారుతుంది, అంతే. ఆ రాత్రంతా లెక్కలేమీ వేసుకోలేదు ఆమె, వేసుకుంటే ధైర్యం చాలదని తెలుసు. బుధవారం పొద్దున్నే షెన్ గది తలుపు తట్టి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పేసింది.

"ఆ గుంటలు నా దగ్గర పడ్డవండీ. మళ్ళీ పాలిష్ చేస్తే చోటు మారాయి. రంధ్రాలైతే కొంచెం అరగదీసినంత మాత్రాన అన్నీ ఒకేసారి మాయమై ఇంకోచోట పుట్టవు కదా. అంచులు కూడా కోసుగా ఉన్నాయి. గాలి బుడగైతే గుండ్రంగా ఉండాలి."

షెన్ విన్నాడు. విని, మెత్తగా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్ళు మండింది.

"టోంగ్ గారంటే మీకు అభిమానం. నాకు అర్థమైంది. కానీ మీ చేత్తో చేసిన నలభై ఆరు పలకలు అద్దాల్లా ఉన్నాయక్కా. ఇప్పుడు హఠాత్తుగా పాలిష్ చేయడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. అందుకే చెబుతున్నా."

"వదిలేయండి. ఆ పలక పని అయిపోయింది. కమ్మీలు కూడా విరగ్గొట్టక్కర్లేదు, పారేయండి."

పారేయమన్నాడు కానీ ఎప్పుడు పారేయాలో చెప్పలేదు కదా అనుకుంది గువాన్. ఆ రోజు సాయంత్రం దాకా వేరే పనిలో ఉన్నా ఆ కమ్మీల మీదే ధ్యాస. పాలిష్ తగలని ముఖం ఒకటి చూడాలి. పలక లోపల నిజంగా రంధ్రాలుంటే, విరిగిన చోటా ఉండాలి. విరిగిన ముఖాన్ని ఎవరూ పాలిష్ చేయరు, దాని మీద నేరం మోపడానికి ఎవరి చెయ్యీ ఉండదు.

గురువారం పొద్దున వంచే యంత్రం ఖాళీగా ఉంది. నలభై ఏడో పలకలోంచి కోసిన కమ్మీలు ఐదున్నాయి, ఒక్కోటీ అగ్గిపుల్లంత పొడుగు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం. మొదటిదాన్ని రెండు రోలర్ల మీద పడుకోబెట్టి, పైనుంచి మూడో రోలర్ దింపి, మీట నొక్కింది. అంకెలు కదలసాగాయి. పది, పదిహేను, ఇరవై. ఇరవై ఎనిమిదికి గువాన్ అలవాటుగా మొహం పక్కకి తిప్పుకుంది, ముక్కలు ఎగిరి మూతకి కొట్టుకుంటాయని. ముప్పై. ముప్పై మూడు.

చప్పుడు రాలేదు.

ముప్పై ఆరు. ముప్పై తొమ్మిది. ఆమె మెల్లగా మొహం తిప్పి చూసింది. కమ్మీ అలాగే ఉంది, చెక్కుచెదరలేదు. నలభై రెండు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది, లేవడం ఆమెకే తెలియలేదు. నలభై ఏడు. యాభై. యాభై మూడు దగ్గర టప్పుమంది.

ముందు వచ్చింది సంతోషం కాదు, అనుమానం. కమ్మీని నిలువుగా పెట్టానేమో అనుకుంది. వెడల్పు వైపు మీద పడుకోబెట్టాల్సినదాన్ని మందం వైపు మీద నిలబెడితే లేని బలం వచ్చి కూర్చుంటుంది. కొత్తలో ఒకసారి అలా చేసి నవ్వులపాలైంది. ముక్క తీసి కొలిచింది, సరిగ్గానే ఉంది. రోలర్ల మధ్య దూరం కొలిచింది, ముప్పై మిల్లీమీటర్లు. పాత నలభై మూడో పలక కమ్మీ ఒకటి సొరుగులో ఉంటే తెచ్చి పెట్టింది. ముప్పై రెండుకి టప్పుమంది. యంత్రానికేమీ రోగం లేదు.

రెండోది యాభై ఐదుకి విరిగింది. మూడోది యాభై ఒకటికి. మిగతా రెండూ దాచి, విరిగిన ముఖాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. పాత పలకల్లో విరిగిన ముఖం పగిలిన సీసా పెంకులా నున్నగా ఉండేది, పొడి అతుక్కుని ఏర్పడ్డ గింజల్లో అడ్డొచ్చినదాన్నల్లా పగులు చీల్చుకుంటూ పోయేది. ఇది అలా లేదు. గరుకుగా, మెట్లు మెట్లుగా, గింజలు గింజలుగా ఉంది, నువ్వుల అచ్చు విరిచినట్టు. రంధ్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

ముక్కల్ని టిఫిన్ డబ్బా మూతలో వేసుకుని షెన్ గదికి పరుగెత్తింది. నలభై నాలుగేళ్ళ మనిషి వరండాలో పరుగెడుతుంటే దారిలో ఇద్దరు ఏమైందని అడిగారు. ఆమె ఆగలేదు.

"పారేయమన్నారుగా, పారేయబోయే ముందు విరగ్గొట్టా," అంది మూత ఆయన ముందు పెట్టి. "యాభై మూడు. యాభై ఐదు. యాభై ఒకటి."

షెన్ ఫ్లాస్కు పక్కన పెట్టాడు. "నిలువుగా పెట్టారా?"

"నన్నడక్కండి. మిగతా రెండూ మీరే వచ్చి విరగ్గొట్టుకోండి."

ఆయనే విరగ్గొట్టాడు. యాభై నాలుగు, యాభై రెండు. ఆ తర్వాత ఇద్దరూ మైక్రోస్కోపుని వదల్లేదు. పాలిష్ చేసిన ముక్క మీద వజ్రపు మొనతో చిన్న నొక్కు వేయించాడు షెన్. నొక్కు మూలల నుంచి పగుళ్ళు బయల్దేరాయి. పాత పలకల్లో అవి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయేవి. ఇక్కడ పగులు గింజ ఎదురైతే పక్కకి తిరుగుతోంది, దాన్ని చుట్టి వస్తోంది, ఇంకోటి ఎదురైతే మళ్ళీ తిరుగుతోంది. తాగినవాడు వానలో గుంటలు తప్పించుకుంటూ ఇంటికెళ్ళినట్టు తిరిగి తిరిగి, కాసేపటికి ఓపికలేక ఆగిపోయింది.

"గింజల్ని చీల్చడం లేదక్కా," అన్నాడు షెన్. గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "అంచుల వెంట పోతోంది. అందుకే అంత బలం. అంచులు వదులు కాబట్టే మీ చక్రం మీద గింజలు ఊడొచ్చాయి. అవి గుంటలే, రంధ్రాలు కావు."

"నిన్న చెప్పింది అదే."

"చెప్పారు." ఆయన తల పైకెత్తలేదు. "చెప్పారక్కా. నేనే వినలేదు."

ఇద్దరూ కాసేపు పిచ్చివాళ్ళలా నవ్వుకున్నారు. షెన్ జేబులోంచి పొద్దుతిరుగుడు గింజల పొట్లం తీసి బల్ల మీద కుమ్మరిస్తే ఇద్దరూ కొరుక్కుంటూ ఆ పగులు దారిని మళ్ళీ మళ్ళీ చూశారు. గువాన్‌కి పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. అప్పుడే గుర్తొచ్చింది ఆమెకి.

"మరి టోంగన్న నోటీసు తీసేయించండి. రేపే కదా చదవాల్సింది."

షెన్ వెంటనే లువాన్ మేడమ్ దగ్గరికి వెళ్ళాడు, వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు. ముద్ర పడిన నోటీసుని ఐదు కమ్మీల కోసం ఉపసంహరించడం కుదరదంది ఆవిడ. ఒక్క పలకతో ఏం తేలుతుంది, మళ్ళీ చేసి చూపించండి, అప్పుడు చూద్దాం అంది.

"మాట నిజమే కదక్కా, ఒక్క పలక సరిపోదు. శనివారం నేనే దగ్గరుండి ఇంకోటి చేస్తాను. అదే పొడి, అదే ప్రోగ్రాం. అది కూడా ఇలాగే వస్తే నోటీసు దానంతటదే పోతుంది."

"ఈలోగా ఆయన అందరి ముందూ నిలబడి చదవాలి."

షెన్ బల్ల మీది గింజల తొక్కలు దోసిట్లోకి ఊడ్చుకున్నాడు.

శుక్రవారం నాలుగింటికి టోంగ్ చదివాడు. వరుసలుగా వేసిన ఎర్ర బల్లల ముందు నిలబడి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, "నా ఆలోచనలో అలసత్వం చోటు చేసుకుంది. సంస్థ నా మీద ఉంచిన నమ్మకానికి తగినట్టు నడుచుకోలేకపోయాను. ఇకపై నన్ను నేను లోతుగా పరిశీలించుకుంటాను" అని చదివాడు. అందరూ ఎప్పుడూ చదివేదే అది. వెనక బల్లల్లో ఒకడు ఫోన్లో ఆట ఆడుకుంటున్నాడు. లువాన్ మేడమ్ మాత్రం ప్రతి వాక్యానికీ తలూపింది. గువాన్ తన అరిగిన వేళ్ళ వైపు చూసుకుంటూ కూర్చుంది. సిగ్గుపడాల్సినవాళ్ళు ఆ గదిలో వేరే ఉన్నారని ఆమె మనసులో గట్టిగా అనుకుంది.

శనివారం షెన్ తనే ప్రెస్ నడిపాడు. పొడిని గ్రాఫైటు మూసలో నింపి, ప్రోగ్రాంలో ఉన్నది ఉన్నట్టు, సెకను తేడా లేకుండా, గంట సేపు పందొమ్మిది వందల యాభై దగ్గర నిలిపాడు. చిట్టాలో అంకెలు కూడా జరిగినవి జరిగినట్టే రాశాడు, పాపం.

సోమవారం గువాన్ నలభై ఎనిమిదో పలకని చక్రం మీద పెట్టింది. మూడో మెట్టు వచ్చేసరికి చెవి చక్రం దగ్గరికి వంచింది. చప్పుడు నున్నగా ఉంది. ముక్క తీసి చూస్తే అద్దం. తన మొహం తనకి కనబడింది అందులో. ఇన్నేళ్ళలో తను చేసిన అద్దాన్ని చూసి గువాన్‌కి ఏడుపు రావడం అదే మొదటిసారి.

కమ్మీలు ముప్పై మూడు, ముప్పై రెండు, ముప్పై నాలుగుకి విరిగాయి. షెన్ మూడోదాని తర్వాత యంత్రం ఆపేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అదే పొడి," అన్నాడు. "అదే మూస. అదే ప్రోగ్రాం."

"అదే మనిషి కాదు," అంది గువాన్.

జల్లెడ షెడ్డులో టోంగ్‌ని పోల్చుకోవడమే కష్టమైంది. ముసుగు, టోపీ, కనుబొమ్మలు, అన్నీ నల్లటి పొడి. ఆమెని చూసి జల్లెడ ఆపి బయటికొచ్చాడు. గోడవార ఎండలో ఇద్దరూ ఖాళీ డ్రమ్ముల మీద కూర్చున్నారు. గువాన్ జరిగిందంతా చెప్పింది. యాభై ఐదు కిలోల సంగతి విన్నప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి. అద్దం సంగతి విన్నప్పుడు పకపకా నవ్వి దగ్గాడు.

"టోంగన్నా, నిజం చెప్పు. ఆ రోజు ప్రెస్ దగ్గర ఏం చేశావు?"

"తప్పు చేశా. నోటీసులో రాశారుగా."

"అన్నా."

"నిజంగానే అంటున్నా. ఇరవై ఐదు నిమిషాల ముందే కొలిమి ఆపేశా." ముసుగు తీసి మోకాలికి కొట్టి దులిపాడు. "పొడి అణుగుతున్నంతసేపూ ప్రెస్ పైనున్న కొలత ముల్లు కొంచెం కొంచెం దిగుతుంది. పాత పొడులకి గంటసేపూ దిగుతూనే ఉండేది. ఈ కొత్తదానికి ముప్పై ఐదో నిమిషానికల్లా ముల్లు నిద్రపోయింది. అంటే అణిగింది అయిపోయింది. ఇక దాన్ని అంత వేడిలో ఉంచితే ఏమవుతుంది? ఉడికిన మాంసాన్ని ఇంకా పొయ్యి మీద ఉంచడమే. గింజలు బలిసి, ఒకదాన్నొకటి మింగి, ముద్దయిపోతాయి. నాకు నీ మైక్రోస్కోపు చూడ్డం రాదు. కానీ ముల్లు నిద్రపోయాక పొయ్యి మండించడం నాకు ఇష్టం ఉండదు. ఆపేశా."

"చిట్టాలో గంట అని ఉంది."

"చిట్టా పొద్దున్నే రాశాగా."

గువాన్ తల పట్టుకుంది. "మరి చెప్పొచ్చు కదా. ఆత్మవిమర్శలోనైనా రాయొచ్చు కదా."

"రాశానమ్మా." టోంగ్ గొంతులో కోపం లేదు, అదే ఆమెకి ఎక్కువ బాధ కలిగించింది. "మొదటి కాగితంలో అంతా రాశా. ఎన్నో నిమిషానికి ముల్లు ఆగింది, ఎప్పుడు ఆపాను, ఎందుకు ఆపాను. లువాన్ మేడమ్ వెనక్కి పంపింది. లోతు లేదంట. నిమిషాలు కాదు, ఆలోచనా విధానం రాయమంది. సరే అని పోయినేడాది చదివినవాడి కాగితం అడిగి తెచ్చుకుని ఎత్తిరాశా. వెంటనే ఒప్పుకుంది."

"ఆ మొదటి కాగితం ఏది?"

"జల్లెడ కింద పరిచా. పొడి కారుతోంది."

ఇద్దరూ వెళ్ళి వెతికారు. నల్లబడి, ఒక మూల చిరిగి ఉంది కానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. గువాన్ దాన్ని దులిపి మడిచి షెన్ దగ్గరికి తీసుకెళ్ళింది. షెన్ నిలబడే చదివాడు, తర్వాత కూర్చుని మళ్ళీ చదివాడు. ముప్పై ఐదో నిమిషం కింద గోటితో గీత గీశాడు.

"నేను ముల్లు వైపు చూడనే లేదక్కా," అన్నాడు చివరికి. "గడియారం చూస్తూ కూర్చున్నా."

మంగళవారం పొద్దున ఆయనే స్వయంగా జల్లెడ షెడ్డుకెళ్ళి టోంగ్‌ని పిలిచాడు. టోంగ్ చేతులు కడుక్కుని వచ్చాడు కానీ ప్రెస్‌కి రెండడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"నోటీసు ఇంకా అక్కడే ఉంది ఇంజనీరుగారూ. నేను ప్రెస్ ముట్టుకోకూడదు, రూలు. మీరు ముట్టుకోండి. నేను ఇక్కడ నిలబడతా."

అలా మొదలైంది. టోంగ్ షెన్ చేత్తోనే పొడి నింపించాడు, షెన్ చేత్తోనే మూత బిగింపించాడు. మూస చుట్టూ గ్రాఫైటు కాగితం ముడత పడితే విప్పించి మళ్ళీ చుట్టించాడు. చిట్టా పుస్తకం ఖాళీగా బల్ల మీద పెట్టాడు. వేడెక్కుతున్న కొద్దీ టోంగ్ నోట్లోంచి "మీరు" జారిపోయి "నువ్వు" వచ్చింది, అది ఆయనా గమనించలేదు, షెన్ కూడా పట్టించుకోలేదు.

"గాలి లాగే పంపు చప్పుడు విను. ఆ గురగుర పోయేదాకా వేడి పెంచకు."

"ఎంత సేపు?"

"పోయేదాకా."

గువాన్ తన పని వదిలేసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మధ్యాహ్నం రెండింటికి కొలిమి పందొమ్మిది వందల యాభై అందుకుంది. కిటికీ గాజులోంచి తెల్లటి వెలుగు. షెన్ కళ్ళు ఇప్పుడు గడియారం మీద లేవు, ముల్లు మీద ఉన్నాయి. ముల్లు దిగుతోంది, వెంట్రుకవాసి చొప్పున. పది నిమిషాలు. ఇరవై. ఇరవై ఎనిమిది దగ్గర బాగా నెమ్మదించింది.

"ఆగింది," అన్నాడు షెన్.

"ఆగలేదు. కునుకు తీస్తోంది. చూడు."

ముల్లు మళ్ళీ ఒక్క గీత దిగింది. ముప్పై. ముప్పై మూడు. ముప్పై ఏడో నిమిషానికి ముల్లు కదల్లేదు. టోంగ్ కళ్ళు చికిలించి, ఊపిరి పదిసార్లు పీల్చి వదిలేంతసేపు చూశాడు.

"నిద్రపోయింది. ఆపు."

షెన్ చెయ్యి మీట మీద ఉంది, కానీ కదల్లేదు. ప్రోగ్రాం కాగితం ఎదురుగా గోడ మీద ఉంది, దాని మీద తన సంతకమే ఉంది, ఇంకా ఇరవై మూడు నిమిషాలు ఉండాలని. ఇది కూడా పాడైతే మూడేళ్ళ పనిలో చెప్పుకోవడానికి మిగిలేది పొరపాటున వచ్చిన ఒక్క పలక. గువాన్‌కి ఆయన మీద మొదటిసారి జాలేసింది.

"ఆపు నాయనా, బలిసిపోతోంది," అన్నాడు టోంగ్.

షెన్ మీట కిందికి లాగాడు. తెల్లటి వెలుగు నెమ్మదిగా పసుపుకి, పసుపు నుంచి నారింజకి దిగసాగింది. తర్వాత టోంగ్ బల్ల మీది చిట్టాని షెన్ ముందుకి తోశాడు.

"రాయి. ముప్పై ఏడో నిమిషానికి ఆపినట్టు."

షెన్ రాశాడు.

"కింద నడిపినవాడి పేరు. ప్రోగ్రాం తప్పినవాడి పేరు. ఈసారి తప్పు నీది. సంతకం పెట్టు."

షెన్ కలం ఆ గీత మీద ఆగిపోయింది. "రేపు పాలిష్ చేసి చూసి, ఫలితం వచ్చాక పెడతానులే టోంగ్ గారూ. ఎక్కడికి పోతుంది?"

"ఫలితం వచ్చాక అయితే ఎవడైనా పెడతాడు," అన్నాడు టోంగ్.

కొలిమి లోపల గ్రాఫైటు చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. షెన్ ఒకసారి గువాన్ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన తల వంచి సంతకం పెట్టాడు, పేరులో ఒక్క గీత కూడా తక్కువ కాకుండా.

మర్నాడు పదకొండున్నరకి గువాన్ చక్రం మీద మూడో మెట్టులో, నలభై ఏడో పలకకి వచ్చినట్టే, ఇసుక నలిగిన చప్పుడు వినిపించింది, కొత్త పలక నిండా గింజలు ఊడొచ్చిన గుంటలు పడ్డాయి.